కుళాయిలన్నీ కట్టేసినా మీటర్ తిరుగుతూనే ఉంది, లీకు ఎక్కడో దొరకట్లేదు, ఎవరైనా చెప్పండి ప్లీజ్

కొత్తపెంకు (శనివారం, మధ్యాహ్నం 3:10)

పొద్దున తొమ్మిదింటి నుంచి ఇదే పని, ఇంకా అన్నం కూడా తినలేదు. మొన్న కొన్న పాత ఇంటికి నీళ్ల కనెక్షన్ మళ్లీ ఇప్పించుకున్నాను. ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, మీటర్ దగ్గర వాల్వు తిప్పి, కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. అప్పటి నుంచి మీటర్ లోపల చిన్న వెండి రంగు చక్రం ఒకటి ఆగకుండా తిరుగుతోంది. అన్ని కుళాయిలూ కట్టేశాను. ఒక్కటి కూడా కారట్లేదు. పెద్ద గదిలో చాపలు లేపి, కింది పలకలు ఊడదీసి, టార్చి పట్టుకుని నేల కిందికి దూరాను. మట్టి పొడిగా ఉంది. బాత్‌రూం వైపు కూడా పాక్కుంటూ వెళ్లి చూశాను, పైపులు చేత్తో తడిమి చూశాను, ఎక్కడా తడి లేదు. మరి నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? మీటర్ లెక్కన చూస్తే నిమిషానికి 3 లీటర్ల దాకా పోతున్నట్టుంది. రేపు సాయంత్రం నేను వెళ్లిపోవాలి, సోమవారం ఆఫీసు ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.

వాన_నీళ్లు (3:24)

ఏ దేశం? ఎప్పుడు కట్టిన ఇల్లు? ఎన్నేళ్లుగా ఖాళీగా ఉంది? ఇవి లేకుండా ఏం చెప్పగలం.

గోదారి_గట్టు (3:31)

నిమిషానికి 3 లీటర్లంటే రోజుకు 4,300 లీటర్లు తమ్ముడూ, ముందు మీటర్ దగ్గర కట్టేయ్, తర్వాత వెతుకు. మేం పోర్చుగల్‌లో రాతి ఇల్లు బాగుచేయించుకున్నప్పుడు మాకూ ఇలాగే అయింది. చివరికి చూస్తే టాయిలెట్ ఫ్లష్ ట్యాంకులోంచి సన్నగా గిన్నెలోకి దిగిపోతోంది, గిన్నె గోడ వెంబడి జారుతుంది కాబట్టి కంటికి ఆనదు. ట్యాంకులో అర చెంచా పసుపు కలిపి, పావుగంట ఎవరూ ఫ్లష్ చేయకుండా ఉండండి. గిన్నెలో నీళ్లు పచ్చబడ్డాయంటే అక్కడే.

కొత్తపెంకు (3:52)

జపాన్ అండీ, నాగానో రాష్ట్రం. పోయిన నెల ఇల్లు కొన్నప్పుడు ఇక్కడే రాశాను కదా, అందుకే మళ్లీ చెప్పలేదు. 1974లో కట్టిన రెండంతస్తుల చెక్క ఇల్లు. ఏడేళ్లుగా ఎవరూ లేరు. ఊరి యకుబా (మన పంచాయతీ ఆఫీసు లాంటిది) వాళ్ల ఖాళీ ఇళ్ల జాబితాలో చూసి కొన్నాను. నేను ఉండేది టోక్యోలో, శని ఆదివారాలు కారేసుకుని వస్తున్నాను.

పసుపు లేదు గానీ కూరల్లో వేసే ఫుడ్ కలర్ దొరికింది, వేసి చూశాను. గిన్నెలోకి రంగు రాలేదు. టాయిలెట్ కాదు.

స్తంభం_దూలం (4:05)

1974 అన్నారు కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. జపాన్‌లో భూకంపాల విషయంలో ఇళ్లకు అసలైన గీత 1981 జూన్ 1. ఆ తేదీ తర్వాత అనుమతి తీసుకున్నవి కొత్త ప్రమాణం కిందికి వస్తాయి, అంతకు ముందువి పాత ప్రమాణం. చెక్క ఇళ్లకైతే 2000లో ఇంకోసారి బిగించారు, స్తంభానికీ అడుగు దూలానికీ మధ్య ఇనప బిగింపులు, గోడలు ఇంటికి నాలుగువైపులా సమంగా పంచడం, ఇవన్నీ అప్పుడు వచ్చాయి. మీ ఇల్లు మొదటి గీతకే ఏడేళ్లు ముందుది. 2024 జనవరి 1న నోతో ద్వీపకల్పంలో 7.6 తీవ్రతతో వచ్చిన భూకంపంలో పడిపోయినవాటిలో ఎక్కువ భాగం ఇలాంటి పాత చెక్క ఇళ్లే. అక్కడ ఇళ్లు పక్కకు ఒరిగి కింది అంతస్తు నలిగిపోయి, పై అంతస్తు పెంకుతో సహా నేలమీద కూర్చున్న ఫొటోలు మీరూ చూసే ఉంటారు. పెంకు బరువు పైన, గోడలు తక్కువ కింద, వీధివైపంతా జరిపే తలుపులే. మీ ఇల్లు కూడా అలాగే ఉండి ఉంటుంది.

1981కి ముందు కట్టిన చెక్క ఇళ్లకు చాలా ఊళ్లలో యకుబాయే భూకంప తనిఖీ చేయిస్తుంది, కొన్నిచోట్ల డబ్బులు కూడా తీసుకోరు. పైపులు, వంటగది, టైల్స్ అంటూ డబ్బు పోసేముందు ఆ తనిఖీ చేయించండి. ఇంకోటి, 2025 ఏప్రిల్ నుంచి చట్టం మారింది. రెండంతస్తుల చెక్క ఇంట్లో గోడలు, స్తంభాలు, దూలాలు, పై అంతస్తు నేల, కప్పు, మెట్లు, వీటిలో ఏ ఒక్కదాన్నైనా సగానికి మించి మారిస్తే ముందుగా దరఖాస్తు పెట్టి అనుమతి తీసుకోవాలి. ఇదివరకు చిన్న ఇళ్లకు ఈ బాధ లేదు. పలకలు ఊడదీశానన్నారు, కింది అంతస్తు నేల ఈ లెక్కలోకి రాదు కాబట్టి ఫరవాలేదు, కానీ పై అంతస్తు నేలంతా కొత్తగా వేయాలనుకుంటే ముందు ఒక ఆర్కిటెక్టుతో మాట్లాడండి.

కొత్తపెంకు (4:11)

అన్నా, తనిఖీకి దరఖాస్తు పెట్టాను, మే నెలలో వస్తారట. ఇప్పుడు నా ప్రాణం తీస్తున్నది నీళ్లు.

కాలవగట్టు (4:20)

వేడినీళ్ల మిషన్ చూశారా? నాగానోలో చలికాలం మైనస్ 10 మామూలే. లోపల రాగి గొట్టంలో నీళ్లు మిగిలిపోతే గడ్డకట్టి పగులుతుంది. బయట గోడకి వేలాడదీసి ఉంటుంది కదా, దాని కింద నేల తడిగా ఉందేమో చూడండి.

కొత్తపెంకు (4:26)

అది లేదు. పాత ఓనరు ఊడదీసి తీసుకుపోయారు, పైపుకి మూత బిగించి ఉంది. మూత కారట్లేదు.

వాన_నీళ్లు (4:28)

ఇది మొదట్లోనే చెప్పాల్సింది.

గోదారి_గట్టు (4:33)

సెప్టిక్ ట్యాంకులోకి ఏదైనా పైపు నేరుగా పోతోందేమో చూడు తమ్ముడూ. మూత తీసి చూస్తే లోపల నీళ్లు పారుతున్న చప్పుడు తెలుస్తుంది.

కాలవగట్టు (4:47)

అండీ, దయచేసి దాన్ని సెప్టిక్ ట్యాంకు అనకండి. జపాన్‌లో ఉండేది జోకాసో. మన ఊళ్లో సెప్టిక్ ట్యాంకంటే గొయ్యి తవ్వి, గోడ కట్టి, మీద నాపరాళ్లు పరిచి, పక్కన సోక్ పిట్ తవ్వి వదిలేస్తాం, ఏ పదేళ్లకో నిండితే లారీ పిలుస్తాం. జోకాసో అలా కాదు. దానికి గాలి ఊదే చిన్న మోటారు రాత్రింబగళ్లు నడవాలి, ఆ గాలితో బతికే సూక్ష్మజీవులే మురికిని తింటాయి. కరెంటు తీసేస్తే అవి చచ్చి కంపు కొడుతుంది. ఏటా చట్టప్రకారం పరీక్ష ఉంటుంది, మధ్యలో మనిషి వచ్చి చూసుకోవడం ఉంటుంది, బురద తీయించడం ఉంటుంది. సెప్టిక్ ట్యాంకు అనుకుని కొన్నవాళ్లు మోటారు ప్లగ్గు పీకేసి ఊరెళ్లిపోతారు, తర్వాత పక్కింటివాళ్లతో గొడవ. అందుకే పేరు దగ్గరే గట్టిగా చెప్తున్నాను.

ఇంకా ముఖ్యం, మీది ఏ రకం జోకాసో? టాయిలెట్ నీళ్లు మాత్రమే శుద్ధి చేసే పాత రకమైతే (తాందొకు అంటారు) వంటింటి నీళ్లూ స్నానాల నీళ్లూ నేరుగా వీధి కాలవలోకి పోతాయి. 2001 ఏప్రిల్ నుంచి ఆ రకం కొత్తగా పెట్టనివ్వట్లేదు. అన్ని నీళ్లనూ శుద్ధి చేసే గాప్పెయ్ రకానికి మారుస్తామంటే చాలా ఊళ్లు సబ్సిడీ ఇస్తాయి, కానీ పని మొదలుపెట్టకముందే దరఖాస్తు పెట్టాలి. తర్వాత పెడితే పైసా రాదు.

గోదారి_గట్టు (4:55)

పేరు ఏదైతేనేం, మలం నీళ్లు పోయే ట్యాంకే కదా. ఆయన అడిగింది లీకు గురించి.

కాలవగట్టు (5:01)

పేరు తప్పైతే పని తప్పవుతుంది, అదే చెప్తున్నాను. మీ పోర్చుగల్‌లో గొయ్యి ఉండొచ్చు, ఇక్కడ అది యంత్రం.

చలిప్రాంతం (5:08)

ఇప్పుడే చూశాను. నేను ఉత్తర జపాన్‌లోని అయొమొరిలో పదకొండేళ్లు ఉన్నాను, ఒక మాట అడుగుతాను చెప్పండి. వంటింటి సింకు పక్కన గానీ, బాత్‌రూం బయట గానీ, నేలలోంచి నిలువుగా పైకి వచ్చిన ఇనప గొట్టం, దాని తలమీద ఒక హ్యాండిల్, ఇలాంటిదేమైనా ఉందా?

కొత్తపెంకు (5:15)

ఉంది అక్కా. వంటింట్లో సింకు పక్కన మూలకి. బాగా తుప్పు పట్టి గట్టిగా ఉంది. పొద్దున ఇంట్లోకి నీళ్లు రాకపోతే రెండు చేతులతో బలంగా సగం వరకు తిప్పాను, కుళాయిల్లో నీళ్లు వచ్చాయి, అక్కడితో వదిలేశాను. అదేదో మామూలు వాల్వు అనుకున్నాను. దానికీ దీనికీ సంబంధం ఉందా?

చలిప్రాంతం (5:38)

అదే మీ లీకు, తొంభై పాళ్లు. ఇంకేం వెతక్కండి.

దాన్ని ఫుతోసెన్ అంటారు, కొందరు మిజునుకిసెన్ అంటారు, అంటే నీళ్లు దించే వాల్వు. చలి ప్రాంతాల్లో చలికాలం రాత్రి పైపుల్లో నీళ్లు నిలిచి ఉంటే గడ్డకట్టి పగులుతాయి కదా, అందుకని నేల గడ్డకట్టే లోతుకంటే కిందికి ఒక వాల్వు దింపి, పొడుగాటి కడ్డీతో పైనుంచి తిప్పేలా పెడతారు. హ్యాండిల్ పూర్తిగా మూసేస్తే రెండు పనులు జరుగుతాయి. మీటర్ వైపు నుంచి వచ్చే నీళ్లు ఆగిపోతాయి, అదే సమయంలో అడుగున ఒక చిన్న రంధ్రం తెరుచుకుని, పైన ఇంటి పైపుల్లో ఉన్న నీళ్లన్నీ ఆ రంధ్రంలోంచి భూమిలోకి దిగిపోతాయి. పూర్తిగా తెరిస్తే ఆ రంధ్రం మూసుకుంటుంది, నీళ్లు పైకి వస్తాయి.

సగంలో వదిలేస్తే? పైకీ వస్తాయి, రంధ్రంలోంచి భూమిలోకీ పోతాయి. అది నేలకింద అంత లోతులో ఉంటుంది కాబట్టి మీరు చాపలు లేపినా, పలకలు పీకినా ఏ తడీ కనిపించదు. మొదటి చలికాలం నాకూ ఇదే జరిగింది, రెండు నెలల బిల్లు వచ్చేదాకా తెలియలేదు. పైన కుళాయిలు బాగానే వస్తున్నాయి కదా అని అటు చూడనే లేదు.

ఇప్పుడు ఇలా చేయండి. హ్యాండిల్ మీద రెండు బాణాలుంటాయి, ఒకటి నీళ్లు రావడానికి, ఒకటి దించడానికి. తుప్పు కింద ఉంటే గుడ్డతో తుడిచి చూడండి. నీళ్లు వచ్చే వైపుకి చివరిదాకా, ఇక తిరగదు అన్నంతవరకు తిప్పండి. తర్వాత మీటర్ చూడండి. చక్రం ఆగితే మీ పని అయిపోయింది. ఆగకపోతే దించే వైపుకి చివరిదాకా తిప్పి, అప్పుడు మళ్లీ మీటర్ చూడండి. రెండూ చెప్పండి, లోపల రబ్బరు పోయిందా, పైప్ పోయిందా అన్నది దాన్నిబట్టి చెప్పొచ్చు. రెంచి వేసి బలవంతం చేయకండి, లోపలి కడ్డీ విరిగితే నేల తవ్వాలి.

గోదారి_గట్టు (5:44)

మాకు గేట్ వాల్వు తప్ప ఇలాంటిది తెలియదు. ఏ వాల్వునైనా సగంలో ఉంచితే నీళ్లు తక్కువ వస్తాయి అంతే కదా అనుకున్నాను.

చలిప్రాంతం (5:47)

అందరూ అలాగే అనుకుంటారండీ. గేట్ వాల్వుకి రెండే దారులు, లోపలికి ఒకటి, బయటికి ఒకటి. దీనికి మూడోది ఉంది, భూమిలోకి.

కొత్తపెంకు (6:20)

వంట నూనె పోసి పది నిమిషాలు ఆగి తిప్పాను. ఇంకా నాలుగు చుట్లు తిరిగింది!! చివరిదాకా వెళ్లింది. తిప్పేటప్పుడు హ్యాండిల్‌కి చెవి ఆనిస్తే సుయ్‌మని శబ్దం వచ్చింది, చివరికి వచ్చేసరికి ఆగిపోయింది.

మీటర్ దగ్గరికి పరిగెత్తాను. చక్రం బాగా నెమ్మదించింది, కానీ ఆగలేదు. ఇందాక గిర్రున తిరిగేది, ఇప్పుడు ఒక చుట్టుకి ఇరవై సెకన్లు పడుతోంది. అంటే ఇంకా ఎక్కడో పోతోంది.

స్తంభం_దూలం (6:31)

ఇన్ని గంటలు భూమిలోకి నీళ్లు దిగాయి కాబట్టి ఒకటి చూసుకోండి. ఆ వంటింటి మూలకి దగ్గర్లో గోడ అడుగున పునాది మీద పడుకోబెట్టిన దూలం ఉంటుంది, దోదయ్ అంటారు. దాన్ని స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. గట్టిగా ఉంటే సరే, మెత్తగా లోపలికి దిగిపోతే చెద లేదా కుళ్లు. తడి పునాది, చెక్క, చీకటి, ఈ మూడూ ఉంటే చెదపురుగు వెతుక్కుంటూ వస్తుంది. 1974 ఇల్లు కదా, గోడలు మట్టివా?

కొత్తపెంకు (6:36)

పెద్ద గది ఒక్కటే మట్టి గోడ, ఒక మూల పెచ్చు ఊడి లోపల వెదురు బద్దలు కనిపిస్తున్నాయి, గడ్డి తాడుతో అల్లి ఉన్నాయి. మా అమ్మమ్మ వాళ్ల పాలెంలో పాత వంటిల్లు గోడ అచ్చం ఇలాగే ఉండేది, తడిక కట్టి గడ్డి కలిపిన మట్టి మెత్తేవాళ్లు. దాన్ని చూసే ఈ ఇల్లు కొన్నాను అసలు.

స్తంభం_దూలం (6:44)

అయితే దయచేసి దాని మీద సిమెంటు పూయించకండి. మట్టి గోడ తేమను పీల్చుకుని వదులుతూ ఉంటుంది. మీద సిమెంటో ప్లాస్టిక్ వాల్‌పేపరో వేస్తే లోపల తేమ చిక్కుకుని వెదురు కుళ్లుతుంది. మళ్లీ మట్టితోనే మెత్తించండి, గడ్డి వేసి నానబెట్టిన మట్టి. అక్కడ ఆ పని తెలిసిన తాపీవాళ్లు ఇంకా ఉన్నారు, సాకన్ అంటారు వాళ్లని.

వాన_నీళ్లు (6:50)

రెండో ఫుతోసెన్ ఉందేమో చూడండి. బాత్‌రూం వైపు.

కొత్తపెంకు (6:53)

ఒకటే ఉంది, ఇల్లంతా తిరిగాను.

వాన_నీళ్లు (6:54)

బయట కూడా చూడండి.

చలిప్రాంతం (7:10)

అవును, స్నానాలగదికి వేరే లైను ఉంటే దానికి వేరేగా పెడతారు. వేడినీళ్ల మిషన్ ఊడదీసినచోట, గోడ బయట, నేలలో గుండ్రటి చిన్న ఇనప మూతో ప్లాస్టిక్ మూతో ఉంటుంది, ఆకుల కింద కప్పడిపోయి ఉండొచ్చు. అక్కడ కూడా లేకపోతే మాత్రం వంటింటి దాని లోపల రబ్బరే అరిగి ఉంటుంది. చాలా మోడళ్లలో కడ్డీని పైకి లాగి రబ్బరు మార్చొచ్చు, తవ్వక్కర్లేదు. కానీ అది మీరు చేయకండి. నీటి పైపుల పని ఊరి నీళ్ల శాఖ గుర్తింపు ఉన్న కంపెనీవాళ్లే చేయాలి, యకుబాలో జాబితా ఇస్తారు. భూమి లోపలి లీకైతే, గుర్తింపున్నవాళ్లతో బాగుచేయించి కాగితం చూపిస్తే బిల్లులో కొంత తగ్గించే పద్ధతి చాలా ఊళ్లలో ఉంది. ఆ మనిషితో రిపేరు కాగితం తప్పకుండా రాయించుకోండి.

ఈ రాత్రి అక్కడ చలి ఎంత?

కొత్తపెంకు (7:14)

మైనస్ 4 అంటున్నారు.

చలిప్రాంతం (7:22)

అయితే పడుకునే ముందు ఫుతోసెన్ దించే వైపుకి పూర్తిగా తిప్పి, తర్వాత ఇంట్లో కుళాయిలన్నీ తెరిచి ఉంచండి, వేడినీళ్ల వైపువి కూడా. గాలి లోపలికి వెళ్తేనే నీళ్లు కిందికి దిగుతాయి, కుళాయి మూసి ఉంటే పైపులోనే వేలాడతాయి. గ్లాసులో నీళ్లు పోసి స్ట్రా పైన వేలు పెట్టినట్టు. ఫ్లష్ ట్యాంకు ఖాళీ చేసి, గిన్నెలోనూ సింకు వంపులోనూ గడ్డకట్టని ద్రవం పోయండి, హోమ్ సెంటర్‌లో (ఇంటి పనుల సామాన్లు అమ్మే పెద్ద షాపు) దొరుకుతుంది, తాగే నీళ్ల పైపులో మాత్రం పోయకండి. పాత పైపుల చుట్టూ కరెంటు తీగలాంటి వేడి పట్టీ చుట్టి ఉంటే, ఏడేళ్లుగా వాడనిది కాబట్టి, ఎవరైనా చూసేదాకా ప్లగ్గు పెట్టకండి. పాతబడిన పట్టీలు అంటుకున్న సందర్భాలున్నాయి.

కాలవగట్టు (7:30)

అదేమో గానీ మొదట అడిగినదానికి జవాబు రాలేదు, తాందొకునా గాప్పెయ్‌యా? మోటారు నడుస్తోందా? ఇంకో సంగతి, పాడుబడ్డ ఇల్లు కొన్నాను అని మీరు పోయిన నెల పోస్టులో రాశారు. జపాన్‌లో ఇలాంటివాటిని ఆకియా అంటారు, దానికి ఖాళీ ఇల్లు అనే అర్థం, పాడుబడ్డ ఇల్లు అని అర్థం రాదు. 2023 లెక్కల్లో జపాన్‌లో 90 లక్షల ఖాళీ ఇళ్లు, మొత్తం ఇళ్లలో 13.8 శాతం అంటే అందరూ పాడు ఇళ్లనుకుంటారు. అందులో అద్దెకు పెట్టినవీ, అమ్మకానికి పెట్టినవీ అన్నీ ఉన్నాయి.

గోదారి_గట్టు (7:36)

ఏడేళ్లు మనిషి లేని ఇంటిని మన భాషలో పాడుబడ్డ ఇల్లనే అంటాం. ఆయన తప్పేం రాయలేదు.

కాలవగట్టు (7:41)

మన భాషలోనూ తేడా ఉందండీ. ఖాళీ ఇంటికి తాళం ఉంటుంది, పాడుబడ్డ ఇంటిని ఓనరు పట్టించుకోడు. ఈ ఇంటికి ఓనరున్నాడు, రిజిస్ట్రేషన్ చేసి ఇచ్చాడు. వారసులు తమ పేరు మీద రాయించుకోవడం 2024 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి చేశారు, అది చేయని ఇళ్లే నిజంగా పాడుబడి పోతున్నాయి, కొనాలన్నా సంతకం పెట్టేవాడు దొరకడు. ఈ రెంటినీ ఒకే మాటతో పిలిస్తే కొనేవాళ్లు మోసపోతారు.

స్తంభం_దూలం (7:49)

దూలం గుచ్చి చూశారా?

కొత్తపెంకు (ఆదివారం, పొద్దున 8:05)

బయట ఉంది రెండోది. బాత్‌రూం గోడ వెనక, ఎండుటాకులు చేత్తో లాగితే మూత బయటపడింది. అదీ సగంలోనే ఉంది, పాత ఓనరు మిషన్ ఊడదీసినప్పుడు అలా వదిలేసినట్టున్నారు. చివరిదాకా తిప్పాను. చక్రం ఆగింది. పది నిమిషాలు అక్కడే కూర్చుని చూశాను, కదల్లేదు. చలిప్రాంతం అక్కకీ, వాన_నీళ్లు గారికీ థాంక్స్, మిగతావాళ్లకి కూడా. సాయంత్రం బయల్దేరాలి, మళ్లీ రెండు వారాల తర్వాత వస్తాను.

చలిప్రాంతం (8:31)

సంతోషం. వెళ్లేముందు రెండూ దించే వైపుకి తిప్పి, మీటర్ దగ్గర కూడా కట్టేసి వెళ్లండి, ఏప్రిల్‌లోనూ మంచు పడుతుంది అక్కడ.

కాలవగట్టు (8:40)

జోకాసో మోటారు ప్లగ్గు మాత్రం పీకకండి. ఏ రకమో మూత మీద రాసి ఉంటుంది, ఫొటో తీసి పెట్టండి.

స్తంభం_దూలం (9:12)

దూలం సంగతి?